వంటయింటి వన్నెలు

పెండ్లి మాట ఖాయమైన యింట, ముహూర్తము తరువాత మొదట వ్రాయబడునది సారె జాబితా. మన పెద్దల నాట దీనికి కాగితమైనను అక్కరలేకుండెను. గంగాళము, బిందెలు, చెంబులు, కంచములు, గిన్నెలు, దీపపు సెమ్మెలు అని యింటి అవ్వ వ్రేళ్ళు మడచి చెప్పెడిది. అంగడివాడు తూచి యిచ్చెడివాడు. నేడు జాబితా ఫోనులో నున్నది. ఎఱ్ఱని మూకుడు, దానికి జోడైన ఎఱ్ఱని గరిటెలు, చిలుకపచ్చ డబ్బాలు, నీలిరంగు టీ కెటిల్, గులాబి రంగు చేతిగుడ్డలు, అన్నియు ఒకే వరుసలో అమర్చిన బొమ్మ. “వంటయిల్లు ఇట్లుండవలెను” అని అమ్మాయి కోరును. “ఇవి యెన్నాళ్ళు మన్నునే?” అని అవ్వ యడుగును. ఇద్దరి నడుమ తండ్రి నలుగుచుండును. ఈ వివాదము మన సంఘపు పెద్దల యెదుటికి పలుమారు వచ్చుచున్నందున, దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలచితిమి.

మొదటనే ఒక మాట. మేము పాత్రల అంగడివారము కాము, ఏలకుల వర్తకులము. ఇత్తడి అమ్ముడుపోయినను, రంగు పెనము అమ్ముడుపోయినను మా పెట్టెలో పడునది లేదు. రంగులకు మేము విరోధులమును గాము. దినమునకు మూడు పూటలు మనిషి నిలుచు చోటు మసిగోడలతో చీకటిగా నుండవలెనను శాస్త్ర మెక్కడను లేదు. వెలుతురు, శుభ్రత, కంటి కింపు గల వంటయింట పని తేలిక యగును. ఆడవారే గాక మగవారును లోనికి అడుగిడి చేయి కలుపుటకు ఇచ్చగింతురు. మా అభిప్రాయ మొక్కటియే. వంటయింటికి రంగు కావలెను; కాని నిప్పును, అన్నమును తగులు చోట, ఆ రంగు క్రింద నున్న దేమో తెలియక కొనరాదు.

రంగు మనకు క్రొత్తగా వచ్చిన దని తలచుట పొరపాటు. మన వారి పాత యిండ్లలో పొయ్యిగడ్డను ప్రతిదినము అలికి, జాజు పట్టె దీర్చి, ముగ్గు పెట్టెడివారు. ఎఱుపు మీద తెలుపు, అదియే నాటి వంటయింటి అలంకారము. పెండ్లిలో కుమ్మరి యింటి నుండి మేళతాళములతో తెచ్చు అరివేణి కుండలను చూడుడు. సున్నము పూసి, దాని మీద రంగులతో గీతలు, చుక్కలు దీర్చి, వరుసగా పేర్చి పూజింతుము. ఇక పిల్లల లక్కపిడతలు. చిన్న కుండ, చిన్న తిరగలి, చిన్న గరిటె, పసుపు, ఎఱుపు, పచ్చ వన్నెలతో మెఱయుచు ఒక వంటయిల్లే బుట్టలో నుండును. మన తమిళ సోదరులు వానినే చొప్పు సామాను అందురు. అంబాసముద్రము వానికి పేరుపొందిన ఊరు.

ఇందులో పెద్దలు చెప్పక చెప్పిన కట్టడి యొకటి గలదు. అరివేణి కుండకు రంగు వేసిరి. దానిని పొయ్యి మీదికి ఎక్కింపలేదు. పొయ్యి మీది కుండకు రంగు వేయలేదు. లక్కపిడతకు రంగు వేసిరి. అందులో వండునది ఉత్తుత్తి అన్నమే. కన్నులకు రంగు, కడుపునకు లోహము లేక మన్ను. ఈ రెంటిని వారు కలియనీయలేదు. నేటి క్రొత్తదనమంతయు ఈ రెంటిని కలుపుటయందే యున్నది. కలుపరాదని మేము చెప్పము. కలిపినప్పుడు అడుగవలసిన ప్రశ్నలు పెరుగునని మాత్రము చెప్పుచున్నాము.

మన భాషయే ఈ విషయమున మనకు గురువు. వన్నె యను మాట తెలుగున రంగునకును చెల్లును, బంగారపు మేలిమికిని చెల్లును. పదాఱు వన్నె బంగార మన్నప్పుడు పై మెఱుపు కాదు, లోని స్వచ్ఛత మాట. అట్లే పాత్రల పేర్లు. చెందామర, చెంగలువ యను మాటలలో చెం యనగా ఎఱుపు. ఎఱ్ఱని లోహమైన రాగితో చేసినది గనుక చెంబు. కంచుతో చేసినది గనుక కంచము. రాతితో తొలిచినది గనుక రాచిప్ప. ఎందుతో చేసినదో పేరే చెప్పెడిది. కొనువాడు మోసపోవుటకు చోటు తక్కువ. నేటి పెట్టె మీద నున్నది సముద్రనీలము, సూర్యాస్తమయము వంటి ముద్దుపేర్లే గాని, లోపలి లోహము పేరు అడుగున చీమ తలకాయంత అక్షరములలో నుండును.

బోడి వారికి ఈ మాట వివరింప నక్కరలేదు. మన యూరు బ్రదుకునది ఏలకుల వన్నె మీద. మంచి పచ్చదనము గల కాయకు వేలములో మంచి ధర పలుకును. కోసిన కాయను వేడి గదిలో సుమారు 50 డిగ్రీల వద్ద మెల్లగా ఆరబెట్టినచో ఆ పచ్చదనము నిలుచును. ఓపిక లేని వాడు కృత్రిమపు రంగు కలిపి అదే పచ్చదనము చూపజూచును. అందుచేత తెలిసిన వర్తకుడు రంగు చూచి ఊరకుండడు. చేత బట్టును, తడిగుడ్డతో రుద్దును, కాయ పరిమాణము చూచును, లీటరు తూకము వేయును. అప్పుడే ధర చెప్పును. గుప్పెడు ఏలకులకు ఇంత పరీక్ష చేయు మనము, మన బిడ్డ జీవితకాలము వండుకొని తిను పాత్రను బొమ్మ చూచి కొందుమా?

ఇక ఒక్కొక్క రకమును విడివిడిగా చూతము.

మొదటిది పింగాణి పూత గల ఇనుప పాత్ర. ఇనుము మీద గాజుపొడి పూసి సుమారు 800 డిగ్రీల వేడిలో కరగించి అంటింతురు. ఫ్రాన్సు దేశమున 1925లో వెలసిన లె క్రూజే సంస్థ పోత ఇనుప పాత్రలకు నిప్పు వంటి నారింజ వన్నె నిచ్చి లోకమున ప్రసిద్ధి కెక్కించినది. మనకు దగ్గరి దృష్టాంతము చెట్టినాడు. బర్మా, మలయా దేశములలో వ్యాపారము చేసిన నగరత్తారుల యిండ్లకు స్వీడన్, జపాన్ మొదలగు దేశముల రంగు పింగాణి గిన్నెలు, క్యారియర్లు దండిగా వచ్చినవి. అవి నేటికిని కారైక్కుడి పాత సామాను అంగళ్ళలో మెఱయుచున్నవి. కావున ఈ పాత్ర మన్నునదే. కాని గాజు గాజే. దెబ్బ తగిలిన పెచ్చు లేచును, అచ్చట ఇనుము త్రుప్పు పట్టును, పెచ్చు అన్నములో పడును. ఇంకొక జాగ్రత్త గలదు. కాంతివంతమైన ఎఱుపు, నారింజ, పసుపు వన్నెలకు కాడ్మియము కలిసిన రంగులు వాడుట కద్దు. పేరు, ముద్ర లేని చవక సరుకులో ఇది భయకారణము. ఎంత రంగైనను వెలుపలనే యుండి, లోపల తెలుపో లేత వన్నెయో నున్న దానిని ఎన్నుకొనుడు. పెచ్చు లేచిన దానిని పొయ్యి మీదినుండి దింపి, తులసి మొక్కకు తొట్టి చేయుడు.

రెండవది అంటని పూత గల పెనము, అనగా నాన్‌స్టిక్. ఈ పూతకు మూలమైన పదార్థమును 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1954లో ఫ్రాన్సున మార్క్ గ్రెగ్వార్ దానిని పెనమునకు పట్టించెను. తక్కువ నూనెతో అట్టు అంటక వచ్చును, ఇది మేలే. అయితే ఈ పూత సుమారు 260 డిగ్రీలు దాటిన చెడ నారంభించును. ఇంకను మితిమీరి కాగినచో వచ్చు పొగ మనుష్యులకు హాని, పంజరములోని పక్షికి ప్రాణాంతకము. మన వంట తీరు చూడుడు. ఖాళీ మూకుడును పెద్ద మంట మీద కాచి, నూనె పోసి, ఆవాలు చిటపటలాడించి పోపు పెట్టుదుము. పెనమును బాగుగా కాచి నీళ్ళు చల్లి అట్టు పోయుదుము. పైగా ఇనుప అట్లకాడతో గీకుదుము. ఈ మూడును ఆ పూతకు శత్రువులు. దీని తయారీలో వెనుక వాడిన పి.ఎఫ్.ఓ.ఏ. యను రసాయనమును 2019లో స్టాక్‌హోమ్ ఒడంబడికలోని నిషిద్ధముల పట్టికలో చేర్చిరి. నేటి పెట్టెల మీద అది లేదని వ్రాయుదురు. ఆ మాట చదువుకొనుట మంచిదే గాని, అది లేనంత మాత్రమున పెద్ద మంట తగునని కాదు. కొనదలచిన వారు అట్టుకు ఒక్కటి కొని, చిన్న మంట మీద, కొయ్య అట్లకాడతో వాడుకొనుడు. పోపునకు ఇనుప మూకుడే యుండనిండు. పూత చెరగిన నాడు మొగమాటము లేక పారవేయుడు.

మూడవది అల్యూమినియము, హిందాలియము. తేలిక, చవక, వేడి త్వరగా ప్రాకును. వీనికిని రంగులు తొడిగి అమ్ముచున్నారు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార ఔషధ సంస్థ యొక హెచ్చరిక చేసినది. దిగుమతియైన కొన్ని అల్యూమినియము, ఇత్తడి, హిందాలియము పాత్రల నుండి సీసము ఆహారములోనికి దిగుచున్నదని దాని సారము. విదేశములలోనున్న బిడ్డలకు పెట్టె కట్టి పంపువారు దీనిని మఱువరాదు. సీస మెంత కొంచెమైనను పసిపిల్లల మెదడునకు హాని. ఇంతవరకు భయము లేదని చెప్పు మేర లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. హిందాలియమంతయు చెడ్డదని దీనికి అర్థము కాదు. ఏ తుక్కు కరగించి పోసినదో తెలియని పాత్ర చెడ్డది. మన కేంద్ర ప్రభుత్వము స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియము పాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయుచు 2024 మార్చి 14న ఉత్తర్వు వెలువరించినది. ఆ ముద్ర అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

నాలుగవది మన పాత ఇత్తడి. పాతదనుటచే అది నిర్దోష మనియు మేము చెప్పము. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచినచో చిలుము దిగి కడుపు చెఱచును. కళాయి యనగా కాచిన పాత్రలో నవాసారము చల్లి, తగరము కరగించి, దూదితో పూయుట. ఇచ్చట భాష విషయమున నొక హెచ్చరిక అవసరము. తమిళమున వెల్లీయ మనగా తగరము, కారీయ మనగా సీసము. ఒంటిగా ఈయ మన్నచో సీసమునకును చెల్లును, వాడుకలో తగరమునకును చెల్లును. చారు కాచు ఈయచెంబు నిజమునకు తగరపు చెంబు. తగరములో చవకైన సీసము కలుపువారు లేకపోలేదు. మన తెలుగున తగరము వేఱు, సీసము వేఱు. రెంటికి నడుమ సందేహమే లేదు. ఆ రెండు మాటలను తెలిసిన యిల్లాలు అంగడిలో “ఇది అచ్చముగా తగరమేనా? సీసము కలిసినదా? వ్రాసి యిత్తువా?” అని యడుగగలదు. తెలియనిది ఈయచెంబు అడిగి, ఇచ్చినది తెచ్చుకొనును. మాతృభాష పసిబిడ్డను విషమునుండి కాపాడు సందర్భ మిది. తగరము 232 డిగ్రీలకే కరగును గనుక నీరు పోయక ఆ చెంబును పొయ్యి మీద పెట్టరాదను మాటయు అవ్వలు నేర్పినదే.

ఐదవది మెలమిను పళ్ళెములు, ప్లాస్టిక్ డబ్బాలు. పొడి సరుకులకు, చల్లని వానికి పనికివచ్చును. మెలమినులో కాగిన పులుపు పోయుట, దానిని మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టుట తగదు.

ఇన్ని వలదని చెప్పితిరి, మఱి రంగెక్కడ పెట్టవలెనని అమ్మాయి లడుగుట న్యాయము. చోటు చాలగలదు. గోడలకు లేత వన్నె వేయుడు. మసి తెలియును, కడుగుటకు బుద్ధి పుట్టును. అలమరలకు పలకల రంగు మార్చుడు. పప్పుల డబ్బాలకు, టీ కప్పులకు, చేతిగుడ్డలకు, కిటికీ తెరలకు ఎన్ని వన్నెలైనను ఒప్పును. ఊరగాయ జాడీ గోధుమవన్నె, తెలుపు కలిసి ఎంత అందమో వరుసగా మూడు నిలిపి చూడుడు. పోపుల పెట్టె మూత తీసినచో పసుపు, మిరపపొడి, ఆవాలు, మెంతులు, ఏలకులు. ఏ చిత్రకారుడు కలిపిన వన్నెలు ఇంతకంటె మేలు? తోమిన రాగి ఎఱుపు, ఇత్తడి పసుపు, కంచు కావిడాలు, ఇనుము నలుపు, రాచిప్ప బూడిదవన్నె ఒకే బల్ల మీద నిలిపినచో, ఒకే రంగు పూసిన ఇరువది పాత్రల కంటె కంటికి నిండుగా నుండును. ఈ వన్నెలు పూసినవి కావు, పుట్టినవి.

మన భాషవారి చేతిపని కావలెనన్నచో, అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక గలదు. అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, చెట్టు చేమల నుండి తీసిన రంగులు కలిపిన లక్కను పూసి, బరిణెలు, బొమ్మలు, లక్కపిడతలు చేయుదురు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. శ్రీకాకుళము జిల్లా బుడితి యిత్తడి, కంచు పనికిని అట్టి గుర్తింపు గలదు. దూరదేశపు చవక రంగునకు ఇచ్చు రూకలలో కొంత ఆ యూళ్ళకు పోయినచో రంగునకు రంగు, బంధుత్వమునకు బంధుత్వము.

వర్తకులము గనుక లెక్క మాట చెప్పక విడువలేము. అనేక గృహములలో అవ్వ నాటి కంచు, ఇత్తడి సామాను మూటగట్టి తూకమునకు అమ్మి, ఆ డబ్బుతో రంగు సెట్టు కొనుచున్నారు. వెనుక స్టెయిన్‌లెస్ స్టీలు ఎవర్‌సిల్వర్ పేర వచ్చిన దినములలోను ఇట్లే జరిగినది. కొత్త యొక వింత, పాత యొక రోత. కాని కంచు కంచము ఏబది యేండ్లు వాడిన పిమ్మటను తూకమునకు ధర పలుకును. పూత చెరగిన రంగు పెనమునకు ఐదేండ్లలో అడుగువాడుండడు. ఒకటి వస్తువు, ఒకటి ఖర్చు. ఖర్చు చేయవచ్చును, ఖర్చు కొఱకు ఆస్తి నమ్ముట మాత్రము వర్తకధర్మము గాదు.

పోవునది లోహమే యైన చింత కొంతయే. పాత్రతో పేరును పోవుచున్నది. మదురై నాయకరాజ్యము 1529 ప్రాంతమున నెలకొన్న నాటినుండియు మన వారు ఈ సీమయందు స్థిరపడి యున్నారు. బడిలో తమిళము, ఆఫీసులో ఇంగ్లీషు; తెలుగు నిలిచినది వంటయింట. రాజాస్థానము లేకున్నను, పాఠశాల లేకున్నను, “ఆ గరిటె యిటు తే, మూకుడు దింపు, జల్లెడ యెక్కడ?” అను మాటలలో నది బ్రదికినది. ఆ గరిటె స్థానమున స్పాచులా, ఆ మూకుడు స్థానమున ఫ్రైపాన్ వచ్చినచో, వస్తువు మారుట తప్పు గాదు; కాని బిడ్డకు ఇరువది మాటలు తగ్గిపోయినవి. క్రొత్త పెనము వచ్చినను దానిని పెనమనియే పిలుచుటకు పైస ఖర్చు లేదు. ఎఱ్ఱ మూకుడును ఎఱ్ఱ మూకుడనియే పిలుతము. పాత్ర క్రొత్తదై పేరు మనదై యున్న అవ్వకును, అమ్మాయికిని వివాదమే లేదు.

కావున మన సంఘమువారి యెదుట నాలుగు సూచనలు ఉంచుచున్నాము.

ఒకటి. సారె జాబితా తెలుగున వ్రాయుడు. ప్రతి పాత్ర పేరు ప్రక్క అది యే లోహమో వ్రాయుడు. లోహము పేరు తెలియని వస్తువు జాబితాలోనికి రాకూడదు. ఫోనులో చూచి నచ్చిన దానిని కొనుటకు ముందు చేతబట్టి చూడుడు. గేజి మార్పు కొఱకు 2010 చివర ఆగిన మన రైలు 2023 జూన్ 15న బోడికి తిరిగి వచ్చినది. మదురై వెంగలకడై వీధి యెంతో దూరము గాదు.

రెండు. అమ్మాయికి ఆమె మెచ్చిన రంగు సామాను ఇచ్చుడు. దానితోపాటు ఇంటి పాత పాత్రలలో ఐదింటిని, కంచము, చెంబు, గిన్నె, ఇనుప మూకుడు, రాచిప్ప, ఏవి యున్నవో అవి, తోమి యిచ్చుడు. అమ్మకుడు.

మూడు. కళాయి వేయువారు అరుదైపోయిరి. ఒక్కొక్క ఇంటి కొఱకు వారు రారు. సంఘము ఏట ఒకమారు పనివానిని పిలిపించి, అచ్చపు తగరము తానే కొనియిచ్చి, అన్ని గృహముల పాత్రలకు ఒకేచోట కళాయి వేయించినచో ఖర్చు పంచుకొనవచ్చును, కల్తీ భయము తీరును.

నాలుగు. దసరా బొమ్మల కొలువులో ఒక మెట్టు పాత్రలకు కేటాయించి, ప్రతి దాని యెదుట తెలుగు పేరు వ్రాసిన చీటి పెట్టుడు. చిన్నపిల్లలకు, ఆడపిల్ల యైనను మగపిల్లవాడైనను, లక్కపిడతలు కొనియిచ్చి పేర్లు చెప్పి ఆడించుడు. రంగులకు అంతకంటె తగిన చోటు లేదు.

పై పటారము, లోన లొటారము అని మన సామెత. పటారము వలదని ఎవ్వరును అనలేదు. లొటారము గాకుండ చూచుకొమ్మనియే పెద్దలు చెప్పిరి. మన యాడపడుచుల వంటయిండ్లు ఇంద్రధనుస్సు వలె వెలుగు గాక. ఆ వెలుగు క్రింద నున్నది మేలి లోహ మగు గాక.